వంటగదిలో ఎంసీబీ పడిపోతుంటే పెద్దది పెట్టొద్దు, లైన్లు విడదీయండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. అమలాపురం దగ్గర పాతికేళ్ల కిందట కట్టిన డాబా ఇల్లు. వంటగట్టు మీద ఒక పవర్ ప్లగ్గు, రెండు చిన్న ప్లగ్గులు ఉన్నాయి. మూడింటికీ కలిపి ఒకటే 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మించితే తనంతట తానే పడిపోయి లైను ఆపే స్విచ్చు. ఇండక్షన్ స్టవ్వు, మైక్రోవేవ్, కెటిల్, రైస్ కుక్కర్, మిక్సీ అన్నీ అక్కడే పెడుతున్నారు. ఇండక్షన్ మీద కూర ఉడుకుతుండగా మైక్రోవేవ్, కెటిల్ కూడా వేస్తే కాసేపటికి ఎంసీబీ పడిపోతోంది. 32 ఆంపియర్లది పెట్టేస్తే ఈ గొడవ ఉండదని ఎలక్ట్రీషియన్ అన్నాడు, పెట్టించమంటారా అని అడిగారు.

వద్దండి. ఇప్పటికే పెట్టించేసి ఉంటే మళ్లీ 16 పెట్టించేదాకా ఆ లైను వాడకండి.

ఎంసీబీ కాపాడేది గోడ లోపల ఉన్న వైరుని. స్టవ్వుకీ కెటిల్‌కీ ఏమవుతుందన్నది దానికి పట్టదు. వైరు ఎంత మోయగలదో చూసి, దానికి మించని ఎంసీబీ పెడతారు. దీనికి రాసిపెట్టిన లెక్క ఉంది. రేటింగుకి 1.13 రెట్ల వరకు కరెంటు పోతున్నా ఎంసీబీ గంటలోపు పడకూడదు, 1.45 రెట్లు పోతే మాత్రం గంట లోపల పడి తీరాలి. 16 ఎంసీబీకి ఇవి 18, 23 ఆంపియర్లు. మీ ఇంట్లో ఇండక్షన్ 2000, మైక్రోవేవ్ 1400, కెటిల్ 1500 వాట్లు అనుకుందాం. మొత్తం 4900 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 21 ఆంపియర్లు. అందుకే అది వెంటనే పడకుండా, లోపలి రేకు వేడెక్కి వంగాక పడుతోంది. అంటే మీ ఎంసీబీ చెడిపోలేదు, దాని పని అది సరిగ్గా చేస్తోంది.

అదే చోట 32 పెడితే 36 ఆంపియర్లు గంటల తరబడి పోతున్నా కదలదు. 46 దాకా వెళ్లినా పడటానికి గంట పట్టొచ్చు. వైరులో పుట్టే వేడి కరెంటుకి వర్గంగా పెరుగుతుంది, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీలు తట్టుకోవడానికి చేసింది. దాన్ని మించి రోజూ వేడెక్కితే తొడుగు గట్టిపడి, పెళుసై, పైపు మలుపుల దగ్గర పగులుతుంది. అది బయటికి కనపడదు. రెండు మూడేళ్లు ఏమీ జరగలేదని ధైర్యం వచ్చేస్తుంది, ఆ తరవాత ఒక రోజు గోడలోంచి కాలిన వాసన వస్తుంది. లోడు పెరిగినప్పుడు ముందు మార్చాల్సింది వైరు, ఎంసీబీ దాని వెనకే.

ముందు మీ గోడలో ఏ వైరుందో తెలుసుకోండి. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసి, పవర్ ప్లగ్గు విప్పితే వైరు మీద అచ్చు కనపడుతుంది: 1.0, 1.5, 2.5, 4 అని. అది స్క్వేర్ ఎంఎంలలో వైరు మందం. అచ్చు చెరిగిపోయి ఉంటే తీగలు లెక్కపెట్టండి. ఇప్పటికీ పాత మేస్త్రీలు త్రీ బై ట్వంటీ, సెవెన్ బై ట్వంటీ అంటుంటారు. మొదటి అంకె తీగలెన్నో, రెండోది ఒక్కో తీగ గేజు. 3/20 అంటే సుమారు 2 స్క్వేర్ ఎంఎం, 7/20 అంటే 4.6, 1/18 అంటే 1.2, 7/22 అంటే 2.8. తీగ తెల్లగా ఉంటే అది అల్యూమినియం. అంతే మందం రాగి మోసేదాంట్లో సుమారు ముప్పాతిక వంతే అది మోస్తుంది. పైగా దాన్ని రాగి తీగతో మెలిపెట్టి కలిపిన చోటల్లా మన తేమ గాలికి తినేసి జాయింటు వదులవుతుంది. అల్యూమినియం దొరికితే వంటగది వరకైనా మొత్తం లాగేసి కొత్తది వేయించండి, అతుకులు వద్దు.

గోడలోని పైపులో వెళ్లే రాగి వైరు, ఎండాకాలం 40 డిగ్రీల వేడిలో, మోయగలిగేది ఇంత: 1.5 అయితే 15 ఆంపియర్లు, 2.5 అయితే 21, 4 అయితే 28, 6 అయితే 36. ఇది పైపులో ఒకే లైను ఉన్నప్పటి మాట. అదే పైపులో రెండు లైన్లు దూరిస్తే ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది కాబట్టి ఐదో వంతు తగ్గించాలి, మూడు లైన్లయితే దాదాపు మూడో వంతు. అంటే మూడు 2.5 లైన్లు ఒకే పైపులో కుక్కితే ఒక్కోటీ 15కి కూడా రాదు, 16 ఎంసీబీకి అది చాలదు. చాలా ఇళ్లలో ఈ ఒక్క లెక్క తప్పుతుంది. వైరు 2.5 అనే చూస్తారు, పైపులో ఎన్ని ఉన్నాయో చూడరు.

ఇక లోడు. వస్తువు అడుగున అంటించిన చీటీ మీద వాట్లు ఉంటాయి, 230తో భాగించండి. ఇండక్షన్ 2000 వాట్లకి 8.7 ఆంపియర్లు. కెటిల్ 1500కి 6.5. రైస్ కుక్కర్ 700కి 3. మిక్సీ 750కి 3.3, కానీ స్విచ్ వేసిన క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. మైక్రోవేవ్ దగ్గర జాగ్రత్త: డబ్బా మీద 800 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉండేది తిండికి అందే శక్తి. గోడ నుంచి తీసుకునేది 1200 నుంచి 1400 దాకా ఉంటుంది, కన్వెక్షన్ ఉన్నదైతే ఇంకా ఎక్కువ. వెనకవైపు చీటీలో ఇన్‌పుట్ అని ఉన్న అంకె తీసుకోండి. ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, సైజుని బట్టి 1200 నుంచి 2000. రుబ్బే గ్రైండరు 150, 200 వాట్లే, దాని గురించి బెంగ లేదు. ఫ్రిజ్ కూడా అంతే, కానీ అది ఇరవై నాలుగు గంటలూ ఉండాల్సింది కాబట్టి దాని లైను వేరు.

మామూలు రోజుల లెక్క చాలదు. సంక్రాంతికి చుట్టాలంతా దిగినప్పటి లెక్క వేయండి. ఇండక్షన్ మీద సాంబారు, కుక్కర్లో అన్నం, మిక్సీలో పచ్చడి, కాఫీకి కెటిల్, ఫ్రిజ్ కలిపితే 5150 వాట్లు, అంటే 22 ఆంపియర్లు. అదే సమయానికి స్నానాల గదిలో 2000 వాట్ల గీజరు 9, పడకగదిలో ఏసీ 7 తీసుకుంటే ఇల్లు మొత్తానికి 38. ఇప్పుడు మీటరు చూడండి. దాని మీద 5-30 ఆంపియర్లు అని ఉంటే వంటగదిలో ఎంత గొప్ప వైరింగ్ చేసినా పైన ఇరుకే. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు ఎన్ని కిలోవాట్లో ఉంటుంది. మీ అసలు వాడకం దాన్ని దాటుతుంటే ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అదనపు లోడుకి దరఖాస్తు పెట్టండి. త్రీ ఫేజు వస్తే ఇంకా మేలు: ఇండక్షన్ ఒక ఫేజు మీద, ఓవెన్, గట్టు మీది ప్లగ్గులు ఇంకో ఫేజు మీద, గీజరూ ఏసీ మూడోదాని మీద వేయొచ్చు. మీటరు దగ్గర సీళ్లు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

మీ వంటగదికి నేను సూచించే పద్ధతి ఇది. మెయిన్ డీబీ (ఎంసీబీలు ఉండే పెట్టె) నుంచి ప్రతి ప్లగ్గుకీ విడి లైను లాగడం కన్నా, వంటగది తలుపు పక్కన పొడిగా ఉండే గోడకి ఒక చిన్న డీబీ పెట్టించండి, 8 మాడ్యూళ్లది చాలు. గట్టుకీ సింకుకీ దూరంగా, నిలబడితే కంటికి ఎదురుగా ఉండాలి. మెయిన్ డీబీలో 32 ఆంపియర్ల రెండు పోళ్ల ఎంసీబీ పెట్టి, అక్కణ్నుంచి ఈ చిన్న డీబీకి 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు విడి పైపులో లాగాలి. 32 ఎంసీబీకి న్యాయమైన చోటు అదొక్కటే. ఆ వైరు 36 మోస్తుంది, ఎంసీబీ 32, సరిపోయింది.

చిన్న డీబీలోంచి నాలుగు లైన్లు బయల్దేరతాయి. ఇండక్షన్‌కి ఒకటి: 2.5 వైరు, 16 ఎంసీబీ, ఒకే ఒక్క 16 ఆంపియర్ల సాకెట్టు. మైక్రోవేవ్ లేదా ఓటీజీకి ఇంకొకటి, అదే కొలత. గట్టు మీద కెటిల్, కుక్కర్, మిక్సీలకి మూడోది: 2.5 వైరు, 16 ఎంసీబీ, రెండు సాకెట్లు, రెండూ 16 ఆంపియర్లవే. పవర్ లైను మీద రెండు సాకెట్లకి మించకూడదని మన దేశపు వైరింగ్ నిబంధనల్లోనే ఉంది, మూడో సాకెట్టు కావాలనిపిస్తే ఇంకో లైను తీయాలి గాని దీనికే తగిలించకూడదు. చివరిది ఫ్రిజ్‌కీ నీళ్ల ఫిల్టరుకీ. చిమ్నీ, లైట్లు, ఎగ్జాస్టు ఫ్యాను పాత లైటింగ్ లైను మీదే ఉండనివ్వండి. వంటగదిలో ఇన్‌స్టంట్ గీజరు ఉంటే అది 3000 వాట్లు, 13 ఆంపియర్లు. దానికి 4 వైరుతో విడి లైను వేయాలి, ఇంకేదీ కలపకూడదు.

ఎంసీబీ మీద అంకె ముందు బి, సి అనే అక్షరం ఉంటుంది. బి రకం మూడు నుంచి ఐదు రెట్ల కరెంటుకే ఠక్కున పడుతుంది, సి రకం ఐదు నుంచి పది రెట్లకి. మోటార్లు, మైక్రోవేవ్ మొదట గట్టిగా లాగుతాయి కాబట్టి గట్టు లైనుకీ, మైక్రోవేవ్‌కీ, ఫ్రిజ్‌కీ సి16 పెట్టండి.

గట్టు మీద సాకెట్లు చిన్నవి వద్దని ఎందుకు అంటున్నానంటే, చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే చేసింది. 1500 వాట్ల కెటిల్ దాన్ని దాటేసింది. చిన్న పిన్నూ పెద్ద పిన్నూ రెండూ పట్టే 6/16 సాకెట్టు, దానికి 16 ఆంపియర్ల స్విచ్చు పెడితే సరి. పెద్ద పిన్నుని చిన్న సాకెట్టులో దూర్చే కన్వర్షన్ ప్లగ్గులు, మూడు పిన్నుల్ని రెండు చేసే ముక్కలు, మల్టీప్లగ్గులు, ఎక్స్‌టెన్షన్ పెట్టెలు వంటగదిలోంచి పూర్తిగా తీసేయండి. ఎక్స్‌టెన్షన్ పెట్టెకి నాలుగు రంధ్రాలు ఉంటాయి గాని దాని తీగ తరచుగా 1 స్క్వేర్ ఎంఎం లోపే ఉంటుంది.

సామాను లెక్క. మెయిన్ డీబీ నుంచి వంటగదికి 15 మీటర్లు అనుకుంటే 6 వైరు ఎరుపు 15, నలుపు 15, ఆకుపచ్చ 15 మీటర్లు. ఎర్త్ తీగ సన్నంగా వేస్తామంటారు, ఒప్పుకోకండి. ఈ సైజుల్లో ఎర్త్ కూడా ఫేజు మందమే ఉండాలి. చిన్న డీబీ నుంచి ఒక్కో సాకెట్టుకి సగటున 5 మీటర్లయితే నాలుగు లైన్లకి 2.5 వైరు రంగుకి 20 మీటర్లు, వృథాతో 25. అదే ప్రతి లైనూ మెయిన్ నుంచి లాగితే రంగుకి 80 మీటర్ల దాకా పడుతుంది, నాలుగు లైన్లు ఒకే పైపులో పడి పైన చెప్పిన వేడి లెక్కలో చిక్కుకుంటారు. చిన్న డీబీ ఖర్చు అక్కడే తీరిపోతుంది. పైపులు 25 ఎంఎంవి తీసుకోండి, పైపుకి రెండు లైన్లు, అంటే ఆరు తీగలు దాటనివ్వకండి.

వైరు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు బరువు చూడండి. 2.5 స్క్వేర్ ఎంఎం, 90 మీటర్ల చుట్టలో రాగి ఒక్కటే 2 కిలోలు ఉండాలి, తొడుగు బరువు దానికి అదనం. 1.5 చుట్టలో రాగి 1.2 కిలోలు. మొత్తం చుట్ట తూచితే ఆ మాత్రం కూడా రాకపోతే తీగ తక్కువ మందమో, రాగి పూత పూసిన అల్యూమినియమో అయి ఉంటుంది. ఒక తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది.

న్యూట్రల్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రతి లైనుకీ దాని న్యూట్రల్ దానికే ఉండాలి. పాత ఇళ్లలో ఫేజు కొత్తగా లాగి, న్యూట్రల్ మాత్రం పక్క స్విచ్ బోర్డులోంచి తీసేసుకుంటారు. రెండు లైన్ల కరెంటు ఒకే న్యూట్రల్ మీద తిరిగొస్తుంది, దానికి ఎంసీబీ కాపలా లేదు. ఫేజు చల్లగా ఉంటుంది, న్యూట్రల్ మాడుతుంది. ఇలా కలిపేసిన ఇంట్లో, ఎక్కడైనా కరెంటు లీకైతే లైను ఆపేసే ఆర్‌సీసీబీ పెడితే అది అస్తమానం పడిపోతుంది, అప్పుడు "ఈ ఆర్‌సీసీబీ మీ ఇంటికి పడదు, తీసేద్దాం" అంటారు. తీయాల్సింది ఆ కలిపిన న్యూట్రల్‌ని.

ఇక ఎర్త్. డెల్టాలో దీన్ని చిన్నచూపు చూడటం చాలా ప్రమాదం. ఒండ్రు నేల, కాస్త లోతులోనే నీరు, ఎర్త్ బాగానే ఉంటుందిలే అనుకుంటారు. కొత్తగా వేసినప్పుడు నిజంగానే బాగుంటుంది. కానీ అంతర్వేది, కాట్రేనికోన, మొగల్తూరు లాంటి ఉప్పు నేలల్లో, ఉప్పునీటి చెరువుల పక్కన, ఎర్త్ కోసం పాతిన జీఐ (జింకు పూత ఇనుప) పైపు కొన్నేళ్లలో తుప్పుపట్టి సన్నబడిపోతుంది. అంతకన్నా ముందే పైపు తల దగ్గర తీగ బిగించిన బోల్టు పోతుంది. పైనుంచి చూస్తే తీగ ఉన్నట్టే ఉంటుంది, చేత్తో లాగితే ఊడి వస్తుంది.

చాలామంది ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందంటారు. ఈ పరీక్ష మోసం చేస్తుంది. ఆ బల్బు నిరోధం వెలిగేటప్పుడు సుమారు 530 ఓమ్‌లు. ఎర్త్ 50 ఓమ్‌లు, అంటే చాలా చెడ్డగా ఉన్నా, అక్కడ పోయేది 20 వోల్టులే. బల్బు నిండుగా వెలిగినట్టే కనిపిస్తుంది. అదే ఎర్త్ మీద ఓటీజీ బాడీకి ఫేజు తగిలితే పోయే కరెంటు 230 భాగించు 50, అంటే 4.6 ఆంపియర్లు. 16 ఎంసీబీకి అది మామూలు లోడు. అది పడదు, ఓటీజీ బాడీ కరెంటుతో అలాగే కూర్చుంటుంది, తడి కాళ్లతో వచ్చినవాళ్లు పట్టుకుంటారు. ఎర్త్ 5 ఓమ్‌లు ఉన్నా 46 ఆంపియర్లే. సి16 ఠక్కున పడటానికి 80 నుంచి 160 కావాలి. అంటే మన ఇళ్లలో మంచి ఎర్త్ ఒక్కటే మనిషిని కాపాడలేదు. ఎర్త్, దానితో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, రెండూ ఉండాలి.

అందుకని ఎర్త్ టెస్టర్ ఉన్న మనిషిని పిలిచి కొలిపించండి. 5 ఓమ్‌ల లోపు ఉండేలా చూడండి. కొత్తది వేయాల్సి వస్తే తీరప్రాంతంలో జీఐ పైపు బదులు 3 మీటర్ల రాగి పూత కడ్డీ, పూత 250 మైక్రాన్లది, చుట్టూ బెంటొనైట్ మట్టి వేయించండి. ఉప్పూ బొగ్గూ వేసే పాత పద్ధతిలో ఆ ఉప్పే పైపుని తినేస్తుంది. గుంత మీద సిమెంటు పోసి మూసేయకండి, మూత ఉన్న తొట్టి కట్టి ఏడాదికోసారి బోల్టు చూడండి.

ఎర్త్ లేని ఇంట్లో సాకెట్టు వెనక ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేస్తుంటారు. ఇది ఎక్కడ కనపడినా వెంటనే తీయించండి. తుఫాను గాలికి కొబ్బరి మట్ట పడి బయట న్యూట్రల్ తెగిందనుకోండి, మీ ఇంట్లో ఆన్‌లో ఉన్న ప్రతి వస్తువు గుండా వచ్చిన 230 వోల్టులు కుక్కర్ బాడీ మీదికీ, ఫ్రిజ్ తలుపు మీదికీ చేరతాయి. మీ ఊళ్లో అది జరగని ఏడాది ఉండదు కదా.

ఆర్‌సీసీబీ 40 ఆంపియర్లు, 30 మిల్లీ, రెండు పోళ్లది చిన్న డీబీలో పెట్టి వంట లైన్లు మూడూ దాని కింద వేయండి. ఫ్రిజ్ లైనుకి విడిగా, ఎంసీబీ పనీ లీకేజీ కాపలా రెండూ చేసే ఆర్‌సీబీఓ 16 పెడితే, కెటిల్ లీకై ఆర్‌సీసీబీ పడినా ఊరెళ్లొచ్చేసరికి ఫ్రిజ్‌లో చేపలు పాడవ్వవు. రకాల్లో ‘ఏసీ’ టైపు కన్నా ‘ఎ’ టైపు తీసుకోండి. ఇండక్షన్ లాంటి ఎలక్ట్రానిక్ వస్తువుల లీకేజీ సగం సగం అలలుగా వస్తుంది, ఏసీ టైపు దాన్ని సరిగ్గా పసిగట్టలేకపోవచ్చు. మెయిన్ డీబీలో కూడా 30 మిల్లీదే ఉంటే లీకేజీకి రెండూ కలిసి పడి ఇల్లంతా చీకటవుతుంది. అక్కడ కాస్త ఆలస్యంగా పడే ఎస్ రకం, 100 లేదా 300 మిల్లీది ఉండాలి. అది పెట్టించే ముందు మిగతా గదుల లైన్లకి 30 మిల్లీ రక్షణ విడిగా వేయించండి, లేకపోతే స్నానాల గది గీజరుకి కాపలా పోతుంది. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుకి పడదు, కాబట్టి ఎంసీబీలు తీసేయకూడదు.

వానాకాలంలో ఒక చిక్కు వస్తుంది. నెలల తరబడి వాడని ఓటీజీయో పాత కెటిలో పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. హీటర్ కడ్డీ లోపల ఉండే తెల్లని పొడి తేమ పీల్చుకుంటుంది, అందులోంచి కరెంటు బాడీకి లీకవుతుంది. మంచి ఎండలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ పడితే, లీకేజీకి ఎంత నిరోధం ఉందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిపించి, ఒక మెగాఓమ్ కూడా రాకపోతే ఆ కడ్డీ మార్పించండి. ఎర్త్ లేని ప్లగ్గులో పెట్టి వాడేద్దాం అనుకోకండి, అది పడినందుకే మీరు బతికి ఉన్నారు.

ఇళ్లలో ఎక్కువగా కాలేది లోడు వల్ల కన్నా వదులు స్క్రూ వల్ల. వదులైన చోట నిరోధం పెరిగి అక్కడే వేడి పుడుతుంది. కరెంటు మాత్రం మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు. సాకెట్టు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ, కుళ్లిన చేప లాంటి వాసన, ప్లగ్గు పట్టుకుంటే చురుక్కుమనడం, ఇవి దాని ఆనవాళ్లు. సన్న తీగల వైరుని అలాగే దూర్చి స్క్రూ బిగిస్తే తీగలు పక్కలకి జారిపోతాయి. కొనకి ఫెర్రూల్ గొట్టం తొడిగి, నొక్కి, అప్పుడు బిగించాలి. సముద్రం వైపు ఊళ్లలో అయితే పూత ఉన్న ఫెర్రూల్ తప్పనిసరి, ఒట్టి రాగి పచ్చబారిపోతుంది. కొత్త వైరింగ్ అయ్యి నెల తిరిగాక ఒకసారి, తరవాత ఏడాదికోసారి మెయిన్ ఆపి స్క్రూలన్నీ బిగింపు చూడాలి. వేడెక్కి చల్లారుతూ రాగి సర్దుకుంటుంది. ఒకసారి మాడిన సాకెట్టుని సానపట్టి వాడొద్దు, లోపలి రేకు స్ప్రింగు బిగువు పోయి ఉంటుంది.

సాకెట్టు గట్టు మీద నుంచి అడుగు ఎత్తున, సింకుకీ స్టవ్వుకీ పక్కకి కనీసం రెండడుగుల దూరంలో ఉండాలి. స్టవ్వు వెనక గోడకి మాత్రం వద్దు. ఆవిరీ నూనే అందులోకే పోతాయి, ఏదైనా అంటుకుంటే స్విచ్ ఆపడానికి మంట మీదుగా చెయ్యి చాపాలి. వరద నీరు ఇంట్లోకి వచ్చే లంక గ్రామమైతే, నీరు ఎంతవరకు వచ్చిందో గోడ మీది గుర్తు చూసి అంతకు పైనే డీబీ, సాకెట్లూ పెట్టించండి.

పెరట్లో విడిగా వంటపాక ఉండి 40 మీటర్లు లాగాల్సి వస్తే వోల్టేజీ కూడా చూడాలి. 2.5 వైరులో 16 ఆంపియర్లకి రానూపోనూ 10 వోల్టులు పోతాయి, 6 వైరయితే 4. సాయంత్రాలు అసలే 190 వచ్చే ఊళ్లో ఆ పది వోల్టులకే ఇండక్షన్ మొరాయిస్తుంది.

మెయిన్ దగ్గర ఓవర్, అండర్ వోల్టేజీ రిలే ఒకటి, అంటే వోల్టేజీ మరీ పెరిగినా తగ్గినా లైను ఆపేసేది, పెట్టించండి. త్రీ ఫేజు లైనులో న్యూట్రల్ తెగితే తక్కువ లోడున్న ఇంటికి 300 దాటి, ఒక్కోసారి 400 దగ్గరకి వోల్టేజీ వస్తుంది. ఎంసీబీ గాని ఆర్‌సీసీబీ గాని దాన్ని ఆపలేవు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఈ వంట లైన్లేవీ దానికి కలపకూడదు.

పని అయ్యాక లైసెన్సున్న వైర్‌మన్ చేత ఇవి చూపించుకుని గాని డబ్బులివ్వకండి. సాకెట్టుకి ఎదురుగా నిలబడితే పైన ఎర్త్, కుడి చేతి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్ ఉండాలి, అన్ని సాకెట్లకీ. వస్తువులన్నీ పీకి, మెగ్గర్‌తో ఫేజుకీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒక మెగాఓమ్ పైన రావాలి. కొత్త వైరుకి అంతకంటే ఎన్నో రెట్లు వస్తుంది. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడాలి, ఆ తరవాత నెలకోసారి మీరే నొక్కాలి. చివరగా ఇండక్షన్ నిండు మంట మీద పెద్ద గిన్నెడు నీళ్లు, పక్క లైను మీద ఓవెన్, గట్టు లైను మీద కుక్కర్ పెట్టి గంట నడపండి. ఆపేసి, ప్లగ్గు పీకి, పిన్నులు కాకుండా ప్లగ్గు ఒంటిని తాకండి. గోరువెచ్చగా ఉండొచ్చు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆ సాకెట్టు విప్పించి బిగింపు చూపించండి. డీబీలో ఏ ఎంసీబీ ఏ సాకెట్టుదో తెలుగులో రాసి అంటించండి.

ఈ పని పూర్తయ్యేదాకా, పాత 16 ఎంసీబీ మీదే, ఇండక్షన్ నడుస్తున్నంతసేపూ ఆ లైను మీద ఇంకే హీటరూ పెట్టకండి. విప్పి చూసినప్పుడు వైరు 1.5 గాని అంతకన్నా సన్నంది గాని, లేదా అల్యూమినియం గాని అయితే 10 ఎంసీబీకి దింపి, ఇండక్షన్‌ని 1200 వాట్ల మీదే వాడుకోండి. కెటిల్‌ని వేరే ఎంసీబీ మీద ఉన్న హాల్లోని పవర్ ప్లగ్గుకి, ఏసీకి వాడే ఆ 16 సాకెట్టు లాంటిదానికి, ఏసీ ఆపి పెట్టండి. ఎంసీబీ పడితే వెంటనే పైకి ఎత్తకుండా ఒక వస్తువు పీకి, ఐదు నిమిషాలాగి ఎత్తండి. వరసగా రెండోసారి కూడా పడితే ఆ పూట గ్యాస్ మీద వండుకుని, మర్నాడు ఆ లైను విప్పించి చూపించండి.